మా పెళ్ళి సీడీ ఆగిపోయిన చోటు

మా అత్తగారూ, ఆవిడ చెల్లెలూ ఇరవై ఏళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. దానికి కారణం నా పెళ్ళి. నేనేం చేశానని అడక్కండి. ఆ రోజు తల వంచుకుని పీటల మీద కూర్చోవడం తప్ప నేనేమీ చేయలేదు. జరిగినదానికి సాక్ష్యం చెప్పమంటే పెళ్ళికూతురంత పనికిరాని మనిషి ఇంకెవరూ ఉండరు. నాకు కనబడిందల్లా బియ్యం, మా ఆయన మోకాళ్ళు.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీలో మా క్వార్టరుకీ చిన్నత్తగారి క్వార్టరుకీ మధ్య రెండు సందులే. వాళ్ళమ్మ పోయాక పదేళ్ళ చెల్లెల్ని శ్రీకాకుళం నుంచి ఇక్కడికి తీసుకొచ్చి, జడలు వేసి, వంట నేర్పి, మా మావగారు పనిచేసే వర్క్‌షాపులోనే మంచి కుర్రాణ్ణి చూసి పెళ్ళి చేసింది మా అత్తగారు. కూతుర్ని ఇచ్చినట్టే ఇచ్చి, రెండు సందుల అవతల పెట్టుకుంది. అంత ప్రేమ ఉన్నచోటే ఇంత పట్టింపు కూడా ఉంటుందని నాకు కాపురానికి వచ్చిన నెల్లాళ్ళకే తెలిసింది.

ఆ నెల్లాళ్ళకే పెళ్ళి వీడియో సీడీ చేతికొచ్చింది. మా అత్తగారు ఇరుగుపొరుగు అమ్మలక్కలందరినీ పిలిచి, టీవీ ముందు చాపలు పరిచి, సినిమా వేసినంత హడావిడిగా వేయించింది. కొడుకు అందమూ చూడలేదు, కోడలి నగలూ చూడలేదు. మా మీద అక్షింతలు వేసినవాళ్ళెవరో ఒక్కొక్కరినీ గుర్తుపట్టుకుంటూ కూర్చుంది. అందరూ ఉన్నారు, సొంత చెల్లెలు మాత్రం లేదు. తలంబ్రాల దగ్గరా లేదు, తరువాతా లేదు. నా కొడుకు మీద నాలుగు గింజలు వేయడానికి దానికి చేతులు రాలేదని అందరి ముందూ అనేసింది. ఆ మాట వీధి కుళాయి దగ్గర నీళ్ళతో పాటు బిందెల్లోకెక్కి, రెండు సందులూ దాటి చిన్నత్తగారి గుమ్మం చేరేసరికి ఎంత పొడుగైందో ఆ దేవుడికే తెలియాలి. చిన్నత్తగారు రోషమున్న మనిషి. తను అక్కడే ఉన్నానని, నమ్మనివాళ్ళు నమ్మనక్కర్లేదని కబురు పంపి తలుపేసుకుంది. అక్క తనను పిలిచి అడగలేదు, అదీ ఆవిడ బాధ. చెల్లెలు వచ్చి చెప్పలేదు, అదీ ఈవిడ బాధ. మధ్యలో నేను ఇరవై ఏళ్ళుగా రెండిళ్ళ పచ్చళ్ళూ దొంగచాటుగా అటూ ఇటూ మోస్తున్నాను.

మొన్న చలికాలంలో చిన్నమావగారు రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి పలాసలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారని, ఆదివారం పొద్దున్న రైలని తెలిసింది. ఆ కబురు విన్న రోజు మా అత్తగారు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మా ఆయన ఒక ముద్ద తిని, ఆవిడ మొహం చూసి, రెండో ముద్ద కూడా మింగాడు.

గురువారం నాడు పూరీ గేట్ దగ్గర కూరల బండి ముందు చిన్నత్తగారు కనబడింది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం ఆనపకాయ చేత్తో పట్టుకుని, దాన్నే చూస్తూ అంది: "మీ అత్తకి సెప్పమ్మా. ఆదోరం నాను ఎలిపోతన్నాను. ఆ సీడీ ఇంకోపాలి ఏసి సరిగ్గా సూడమను. ఆ మాట నెత్తినెట్టుకుని నానీ ఊరు దాటనేను."

ఇంటికొచ్చి భయపడుతూనే చెప్పాను. అత్తగారు కస్సుమంటుందనుకున్నాను. ఆవిడ తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి, జాకెట్టు గుడ్డలో చుట్టిన సీడీని పై అరలోంచే తీసింది. అడుగున ఎక్కడో ఉంటుందనుకున్నది చేతికందేంత దూరంలోనే ఉంది. దాని మాట అబద్ధమని ఇవాళ తేలిపోతుందంటూ నా చేతిలో పెట్టింది. పెట్టాక కూడా దాని అంచు వదల్లేదు. అబద్ధమని తేలడం ఆవిడకు ఏమాత్రం ఇష్టం లేదని, ఏదో ఒక వంక దొరికితే రెండు సందులూ పరిగెత్తి దాటేస్తుందని అప్పుడే నాకు అర్థమైంది.

ఇక దాన్ని వేయడం నా పని. టీవీ కింద ఉండే ప్లేయరు ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కింది. మా అమ్మాయి ల్యాప్‌టాప్ అప్పడంలా పల్చన, సీడీ పెట్టే చోటే లేదు దానికి. మిగిలింది నా పాత ల్యాప్‌టాప్. నేను పనిచేసే బడిలో ప్రశ్నపత్రాలు తయారు చేయడానికి కొన్నది, ఇటుకంత బరువు. దాని పక్కన మీట నొక్కితే అర బయటికొస్తుంది. నేను ఆ అర తెరిచి ఏడాది దాటింది. సీడీ పెట్టి మూశాను.

గుర్రుమంది. టిక్కుటిక్కుమంది. ఈలేసింది, ఆగింది. కాసేపటికి తెర మీద రెండు గులాబీలు మొలిచాయి. ఆ గులాబీల మధ్యకు 'శుభవివాహం' అన్న అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరి రావాలి. 'శు' వచ్చింది. అత్తగారు వెళ్ళి అన్నానికి ఎసరు పెట్టి వచ్చింది. 'భ' వచ్చింది. ఆవిడ బియ్యం కడిగి పోసి వచ్చింది. 'వి' సగం వచ్చి గాలిలో నిలబడిపోయింది. అన్నం ఉడికిపోయింది.

"ఏటే, మీ పెళ్ళే ఇంతకన్నా బేగి అయిపోయింది కదే?" అంది అత్తగారు.

నాకసలే ముక్కు మీద కోపం. ల్యాప్‌టాప్‌ను ఆపి మళ్ళీ పెట్టాను. అర తీసి కళ్ళు మూసుకుని నోటితో ఊదాను. వీపు మీద రెండు తట్టాను, చివరిది కొంచెం గట్టిగానే. ఫోనులో వెతికితే ఎవరో మహానుభావుడు రాశాడు, సామాన్ల జాబితాలోంచి సీడీ చదివే డ్రైవు పేరు తీసేసి కంప్యూటరును మళ్ళీ మొదలుపెడితే దాని దారిన అదే కొత్తగా వచ్చి చేరుతుందని. తీసేశాను. వచ్చి చేరింది. బద్ధకం కూడా దాంతో పాటే వచ్చి చేరింది. అదే చోట ఇంకో మాట ఉంది. ఈ డ్రైవు ఒక చోట చదవలేకపోతే వేగం తగ్గించుకుని మళ్ళీ చదువుతుందట, అప్పటికీ రాకపోతే ఇంకా తగ్గించుకుంటుందట. తడబడే పిల్లల్ని నేనూ నెమ్మదిగా చదవమనే చెబుతాను కాబట్టి ఆ మాట మాత్రం నాకు బాగా ఎక్కింది. అంటే ఇది మొరాయించడం లేదు, పాపం దీనికేదో కనబడడం లేదు.

శుక్రవారం సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. వర్క్‌షాపులో చక్రాల విభాగంలో ఫిట్టరు. ఏ యంత్రమైనా ఆయన చేతిలో పడితే రైలు పెట్టె కింద చక్రం కిందే లెక్క. టీ కూడా తాగకుండా పొడుగు స్క్రూడ్రైవరు తెచ్చి, మొనను ల్యాప్‌టాప్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు అక్కడ బేరింగుల చప్పుడు అలాగే వింటారు. డాక్టరు గుండె వింటుంటే ఇంటివాళ్ళు నిలబడినట్టు నేనూ మా అత్తగారూ నిలబడ్డాం. చివరికి కళ్ళు తెరిచి, బేరింగు బాగానే ఉందని, లోపల ఏదో వెతుక్కుంటోందని, దొరకడం లేదని తేల్చాడు. నేను ఫోనులో చదివిన మాటే అది. స్క్రూడ్రైవరుతో తెలుసుకున్నందుకు కొంచెం గర్వంగా చెప్పాడు, అంతే.

తరువాత సీడీ బయటికి తీశాడు. దాని మీద మా ఇద్దరి ఫొటో ముద్రించిన కాగితం అంటించి ఉంది. నా మొహం వైపు అంచు కొంచెం లేచింది. బరువు ఒక పక్కకు ఒరిగితే చక్రం ఊగుతుందని, ఊగితే వేగం అందుకోదని, అవతలి వైపు చిన్న సీసం ముక్క అతికిస్తే సరిపోతుందని అన్నాడు. అవతలి వైపంటే ఆయన మొహం మీద. ఆయన మొహం మీద నాకే అభ్యంతరమూ లేదు గాని, సీసం ముక్క అతికించిన సీడీ మళ్ళీ ఆ అరలోంచి బయటికి రాదని చెప్పి లాక్కున్నాను. కాగితం పీకేస్తానన్నాడు. పీకితే దాంతో పాటు పెళ్ళి కూడా ఊడి వస్తుందని అరిచాను. సరే, కనీసం తుడుస్తానన్నాడు. తుడవడమే కదా అని నేను కూర తిప్పడానికి వంటింట్లోకి వెళ్ళాను.

వెళ్ళకుండా ఉండాల్సింది. తిరిగొచ్చేసరికి ఈయన చేతులు తుడుచుకునే నూలు పోగుల ఉండతో సీడీని ఒళ్ళో పెట్టుకుని గుండ్రంగా, గట్టిగా, తన్మయత్వంతో తోముతున్నాడు. మధ్యలోంచి అంచుకు తిన్నగా, మెత్తని గుడ్డతో తుడవాలని లోకంలో ప్రతివాడూ రాశాడు. ఎత్తి వెలుగులో చూస్తే సన్నటి గీతలు చుట్లు చుట్లుగా ఉన్నాయి. నా ఒళ్ళు మండిపోయింది. అనాల్సినవన్నీ అన్నాను, కొన్ని రెండుసార్లు అన్నాను. అంతా విని, "సక్రం ఏదైనా గుండ్రంగానే కదా తుడుస్తాం" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆ మాటలో ఉంది.

ఒక్క తెలివైన పని మాత్రం చేశాడు. అత్తగారి భక్తి పాటల సీడీ తెచ్చి అదే అరలో పెట్టాడు. అదీ నత్తలాగే నడిచింది. రెండూ ఒకలాగే నడిచాయంటే జబ్బు సీడీలో లేదు, డ్రైవులోనే ఉంది. అది తెలిశాక ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. అప్పటికి అత్తగారు ఆ గదిలోకి మూడుసార్లు వచ్చి, తెర వైపు తొంగి చూసి వెళ్ళిపోయింది. రైలుకు ఒక్క రోజే మిగిలింది.

శనివారం పొద్దున్నే స్కూటరు మీద ప్రేమ్ బజార్ వెళ్ళాం. అక్కడ కాలేజీ పిల్లల ల్యాప్‌టాపులు బాగుచేసే ఒక బెంగాలీ అన్నగారున్నాడు, అందరూ దాదా అంటారు. జిరాక్స్ మిషనుకూ పుస్తకాల అరకూ మధ్య ఆయన కూర్చునే చోటు ఒక స్టూలంత. మేము చెప్పిందంతా విని, మీట నొక్కి అర తెరిచి, ఫోను వెలుగు లోపలికి వేసి చూశాడు. చూసి, తల ఎత్తకుండానే నన్ను అడిగాడు: "బౌదీ, ఎఖానే సిందూర్ కే దియేఛే?"

వదినా, ఇక్కడ సిందూరం ఎవరు పెట్టారు అని. నేను వంగి చూశాను. అరలో చిన్న గాజు కన్ను ఉంటుంది, సీడీని చదివేది అదే. ఆ కంటి మీద గంధం ఎండి పెచ్చు కట్టింది. దాని చుట్టూ కుంకుమ. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన గోడ మీద అంటించిన ట్యూషన్ కాగితాలు మహా శ్రద్ధగా చదువుతున్నాడు. ఆ కాగితాలు బెంగాలీలో ఉన్నాయి. ఆయనకు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు.

విశ్వకర్మ పూజ అంటే ఈ ఊళ్ళో ఏమిటో తెలిసినవాళ్ళకు ఇక చెప్పనక్కర్లేదు. ఆ రోజు వర్క్‌షాపులో ప్రతి యంత్రానికీ స్నానం, బొట్టు, సెలవు. మా ఆయన ఆ పద్ధతి ఇంటికి కూడా తెచ్చాడు. సుత్తి, సైకిలు, మిక్సీ, కుట్టుమిషను, ఆఖరికి ప్రెషర్ కుక్కరు కూడా ఆ రోజు గంధమూ కుంకుమా పెట్టుకుని వరసగా కూర్చుంటాయి. ఆ రోజు మిక్సీ తిప్పితే ఆయన చూసే చూపు తట్టుకోలేక మేము రోట్లో రుబ్బుకుంటాం. పోయినసారి నా ల్యాప్‌టాప్‌కు మూత మీద ఒక బొట్టు పెట్టాడని నాకు తెలుసు, చూశాను, మురిసిపోయాను కూడా. అక్కడితో ఆగలేదన్నమాట.

నేను ఊరికే ఆయన వైపు చూశాను. నా చూపుకు ఆయనే చెప్పుకొచ్చాడు. మూత మీద పెడితే అది మూతకు పూజ అవుతుంది గాని యంత్రానికి అవుతుందా? వర్క్‌షాపులో లేతు మిషనుకైనా తిరిగేచోటే పెడతారు. అందుకని మీట నొక్కి చూస్తే లోపల ఒక కన్ను మెరుస్తూ కనబడిందట. "పేనం అక్కడే ఉందనిపించింది, ఎట్టేసినాను" అన్నాడు. నిన్న సాయంత్రమంతా స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని దొంగను వెతికిన మనిషి, దొంగ తనే!

అందరి ముందూ అరవలేక నేను ఉడికిపోతుంటే దాదా మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆయన బల్ల చూశాక తెలిసింది. టంకం పెట్టే కడ్డీ, భూతద్దం, స్క్రూడ్రైవర్లు, అన్నిటికీ పాత సిందూరం చుక్కలున్నాయి. తామూ పెడతామని, పిడి మీద పెడతామని, కంట్లో మాత్రం పెట్టమని మర్యాదగా చెప్పాడు. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి ఆ కంటిని మెల్లగా తుడిచాడు. మొదటి పుల్ల ఎర్రగా వచ్చింది, రెండోదీ ఎర్రగానే వచ్చింది, అయిదోది తెల్లగా వచ్చింది. తరువాత మా సీడీని వెలుగుకు పట్టి చూసి పెదవి విరిచాడు. డ్రైవు బాగానే నడుస్తుంది గాని, ఈ గుండ్రటి గీతల దగ్గర ఎక్కడో ఒకచోట కాసేపు నిలబడిపోవచ్చు, కంగారుపడి మీటలు నొక్కవద్దు, దానంతట అదే దాటుతుంది అన్నాడు. గుండ్రటి గీతలు ఎలా వచ్చాయని అడగనందుకు మా ఆయన ఆయనకు రెండుసార్లు థాంక్స్ చెప్పాడు.

సాయంత్రం దీపాల వేళకు ముగ్గురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అత్తగారు తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఈసారి గులాబీలు చటుక్కున పూశాయి, అక్షరాలు చకచకా ఎగిరొచ్చాయి. నా బుగ్గలు చూసి నాకే జాలేసింది. వీడియో తీసినవాడి కళాపోషణకు హద్దు లేదు, ప్రతి రెండు నిమిషాలకూ మా మొహాలు రెండు హృదయాల్లో ఇరుక్కుని తెర అంతా ఎగురుతున్నాయి. నవ్వు ఆపుకుంటూ అత్తగారి వైపు చూశాను. ఆవిడ మోకాళ్ళ మీద రెండు చేతులూ బిగించుకుని రెప్ప వేయకుండా చూస్తోంది. నాకు నవ్వు పోయింది.

ముహూర్తం దగ్గరికి వచ్చింది. జీలకర్రా బెల్లం పెట్టబోతుండగా తెర నల్లబడింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది, వీడియో తీసేవాడి పెద్ద లైటు ఆ వేళకు ఊరికూరికే ఆరిపోయేది. ప్లగ్గు గోడలో వదులుగా ఉంది, దాన్ని చూసుకోవాల్సిన మనిషి భోజనాల దగ్గరున్నాడు. లైటు వచ్చింది, పోయింది. చీకట్లో పంతులుగారు విసుక్కోవడం వినబడింది. మళ్ళీ వచ్చింది. వీడియోవాడు ఏమైందో చూడ్డానికి కాబోలు కెమెరాతో సహా గిర్రున గోడ వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఆగిపోయాడు. డ్రైవు గుర్రుమంది.

"నాను తుడిసిన గీత" అని గొణిగాడు మా ఆయన.

దాటిద్దామని నేను చెయ్యి పెట్టబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. మామూలుగా చూస్తే రెప్పపాటులో వెళ్ళిపోయే బొమ్మ అది. గోడ, గోడకు స్విచ్చుల బోర్డు, దాని ముందు మనకు వీపు పెట్టి ఒక ఆడమనిషి. ఆకుపచ్చ చీర, ఆవపూవు రంగు అంచు. కుడి చేతి బొటనవేలితో ప్లగ్గును గోడకు అదిమిపెట్టి, మడమలెత్తి నిలబడి ఉంది. ఎడమ చెయ్యి కిందికి వేలాడుతోంది, గుప్పిట మూసి ఉంది.

"అది నానెట్టిన సీర" అంది అత్తగారు. ఇంకా దగ్గరికి వంగి చూసింది. "గుప్పిట్లో అచ్చింతలున్నాయే దానికి."

డ్రైవు ఇంకోసారి గుర్రుమని ఆ చోటు దాటింది. కెమెరా పీటల మీదికి తిరిగింది. ఆ తరువాత లైటు ఒక్కసారి కూడా ఆరలేదు. జీలకర్రా బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, అన్నీ పట్టపగల్లా ఉన్నాయి. అక్షింతలు వేయడానికి వచ్చిన ప్రతివాళ్ళ మొహమూ స్పష్టంగా కనబడింది. ఎవరు వేశారో ఎవరు వేయలేదో అప్పట్లో చాప మీద కూర్చుని మా అత్తగారు చెప్పగలిగింది చెల్లెలు నిలబెట్టిన ఆ వెలుగు ఉండబట్టే. అది నాకు తట్టింది, ఆవిడకూ తట్టింది. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

మీట నొక్కి ఆపేలోపే ఆవిడ వంటింట్లో ఉంది. గుప్పెడు బియ్యానికి పసుపూ నెయ్యీ పట్టించి, స్టీలు పళ్ళెంలో పోసి, మమ్మల్నిద్దర్నీ పదమంది. నేను పసుపు మరకల చీరలో ఉన్నాను, ఆయన లుంగీలో ఉన్నాడు. మార్చుకుంటామన్నా వినలేదు. రెండు సందులూ ముందు ఆవిడ, వెనక మేము. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఇద్దరం అందుకోలేకపోయాం.

చిన్నత్తగారు మూటల మధ్య కూర్చుని గిన్నెల సంచికి తాడు బిగిస్తోంది. గుమ్మంలో అక్కను చూసి లేవలేదు, తాడు కూడా వదల్లేదు. వేసి చూశానని మాత్రం చెప్పి అత్తగారు ఆగిపోయింది. చిన్నత్తగారు ముడి వేయడం పూర్తి చేసి, అప్పుడు తలెత్తి అడిగింది. ఆవిడ ఆ వీడియో ఎప్పుడూ చూడలేదని అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

"బాగా వొచ్చిందేటప్పా? మల్లీ సీకటైపోనేదు కదా?"

"నేదే" అంది మా అత్తగారు. "అందరూ అవుపడ్డారు. నువ్వే..." పళ్ళెం చెల్లెలి ముందు పెట్టి, మా ఇద్దరినీ భుజాలు పట్టుకుని ముందుకు తోసింది.

బిందెలకూ పరుపు చుట్టకూ మధ్య ఉన్న కాస్త చోటులో మేము వంగి నిలబడ్డాం. నేను మామూలుగానే తల వంచుకున్నాను. ఈసారి మాత్రం కాస్త ఓరగా పైకి చూశాను. చిన్నత్తగారు లేచి, పళ్ళెంలోంచి గుప్పెడు తీసుకుని, మమ్మల్ని కాసేపు అలాగే చూసి, మా తలల మీద గుప్పిట విప్పింది.